మృతుడు ‘వెళ్ళిపోయాడు’: పాకాల నారాయణస్వామి కేసులో పోలీసు వాంగ్మూలం, దాని ఖాళీలు

హత్యకేసుల చరిత్రను పునర్నిర్మించే పరిశోధకుడికి పోలీసు రికార్డు తప్పనిసరి ఆకరం, అంతే ప్రమాదకరమైన ఆకరం కూడా. అందులో ఉన్నదాన్ని సందేహిస్తూ చదవడం అలవాటైనవారు సైతం అందులో లేనిదాన్ని చదివేటప్పుడు తొందరపడుతుంటారు. అనుమానితుడు ఫలానా రాత్రి ఎక్కడ ఉన్నాడో, ఏం చేశాడో రికార్డు చెప్పకపోతే ఆ మౌనాన్ని కొందరు నేరానికి గుర్తుగా తీసుకుంటారు. మరికొందరు అదే మౌనంలో పోలీసుల కుట్రను చూస్తారు. ఈ రెండు నిర్ణయాలకూ ముందు అడగవలసిన ప్రశ్న ఒకటుంది: ఆ సంగతిని రాసి ఉంచవలసిన బాధ్యతను ఆనాటి చట్టం ఎవరిమీదనైనా పెట్టిందా? 1937లో బరంపురంలో మొదలై 1939 జనవరి 19న లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ తీర్పుతో ముగిసిన పాకాల నారాయణస్వామి కేసు ఆధారంగా ఈ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. నేరాంగీకారానికి నిర్వచనం కోసం, మరణించినవారి మాటలు ఎప్పుడు సాక్ష్యమవుతాయన్న సూత్రం కోసం న్యాయశాస్త్ర విద్యార్థులు ఈ తీర్పును చదువుతారు. ఆ చదువులో పిఠాపురం బంట్రోతు ఒకడు రైలెక్కి వెళ్ళి తిరిగి రాలేదన్న కథ కేవలం ఉదాహరణగా మిగిలిపోయింది.

నేరం జరిగిన వేళ తాను వేరే చోట ఉన్నానని నిందితుడు చెప్పుకొనే వాదనను న్యాయస్థానాలు ‘అలిబీ’ అనే లాటిన్ మాటతోనే వ్యవహరిస్తాయి. ఆ మాటకు ‘మరోచోట’ అని అర్థం. 1872 నాటి సాక్ష్య చట్టం 11వ సెక్షన్ దీనికి ఇచ్చిన ఉదాహరణ ప్రసిద్ధం. కలకత్తాలో నేరం జరిగిన రోజున నిందితుడు లాహోర్‌లో ఉన్నాడన్న సంగతి విచారణకు సంబంధించినదే అవుతుంది. అదే చట్టం 103వ సెక్షన్ మరో అడుగు వేసి, తాను మరోచోట ఉన్నానని కోర్టు నమ్మాలని కోరేవాడే దాన్ని రుజువు చేయాలన్నది. కలకత్తా, లాహోర్ల మధ్య దూరం సందేహానికి తావివ్వదు. నారాయణస్వామి కేసులో దూరం అటువంటిది కాదు. అతడు తాను మరోచోట ఉన్నానని చెప్పలేదు. చనిపోయిన మనిషే తన ఇంటినుంచి మరోచోటికి వెళ్ళిపోయాడని చెప్పాడు. దీన్ని మృతుడి తరఫున నిందితుడు చెప్పిన అలిబీ అనవచ్చు. ఇటువంటి వాదన నిజమో కాదో తేల్చడానికి నిందితుడి కదలికలు తెలిస్తే చాలదు, మాట్లాడలేని వాడి కదలికలూ తెలియాలి.

తీర్పు నమోదు చేసిన ప్రకారం కథ ఇది. మృతుడు నూకరాజు పిఠాపురం దివాను వద్ద బంట్రోతుగా పనిచేసినవాడు. దివాను కుమార్తె నారాయణస్వామి భార్య. దంపతులు పిఠాపురానికి సుమారు 250 మైళ్ళ దూరంలోని బరంపురంలో కాపురముండేవారు. 1933 ప్రాంతంలో కొంతకాలం పిఠాపురం వచ్చి ఉన్నారు. అప్పటికి వారికి డబ్బు ఇబ్బంది ఉన్నట్టు కనబడుతుంది. 1936లో ఆమె నూకరాజు దగ్గర విడతలు విడతలుగా 3,000 రూపాయలు, నూటికి 18 రూపాయల వడ్డీకి తీసుకున్నది. ఈ లావాదేవీలకు సంబంధించి ఆమె సంతకాలున్న ఉత్తరాలూ చీటీలూ సుమారు 50 దాకా, అతడు చనిపోయిన తరువాత అతడి ఇంట్లో దొరికాయి. దివాను కూతురు తండ్రి బంట్రోతుకు బాకీ పడడంలో ఒక సామాజిక నాటకమే ఉన్నది. సంస్థానపు దర్జా ఒకవైపు, నగదు మరొకవైపు. అయితే తీర్పు ఆ నాటకంలోకి వెళ్ళదు. దానికి కావలసింది హత్యకు ఉద్దేశం మాత్రమే.

1937 మార్చి 20, శనివారం నూకరాజుకు ఒక ఉత్తరం అందింది. ఆ రోజున గాని మరుసటి రోజున గాని బరంపురం రమ్మని అందులో ఉన్నట్టు తేలింది. దాని పాఠం యథాతథంగా రుజువు కాలేదు. దానిమీద సంతకం లేదు. ఆ ఉత్తరాన్ని భర్త తనకు చూపించాడనీ, నారాయణస్వామి భార్య రాసిందనీ, రావలసిన బాకీ తీసుకోవడానికి బరంపురం వెళుతున్నానని చెప్పాడనీ నూకరాజు భార్య సాక్ష్యమిచ్చింది. 21, ఆదివారం అతడు బరంపురం రైలు అందుకోవడానికి ఇల్లు వదిలాడు. 23, మంగళవారం మధ్యాహ్న ప్రాంతంలో, బెంగాల్ నాగపూర్ రైల్వే శాఖామార్గం ముగిసే పూరీ స్టేషనులో, మూడో తరగతి పెట్టెలో ఎవరూ తీసుకోకుండా వదిలేసిన ఉక్కు ట్రంకులో ఏడు ముక్కలైన శవం దొరికింది. అది తన భర్తదేనని ఆమె గుర్తించింది.

ఈ మూడు ఊళ్ళ పాలనా సంబంధాన్ని గమనించకపోతే రికార్డు స్వరూపం అర్థం కాదు. పిఠాపురం మద్రాసు రాజధానిలోని తూర్పు గోదావరి జిల్లాలో ఉన్నది. బరంపురం కూడా సంవత్సరం క్రితం వరకు మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాదే. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు అది కొత్త ఎల్లకు అవతలికి వెళ్ళింది. వి.వి. గిరి పుట్టిన ఈ ఊరిలో తెలుగు కుటుంబాల బంధుత్వాలు, బాకీలు, ఉత్తర ప్రత్యుత్తరాలు పాత ఎల్లల ప్రకారమే సాగుతుండగా, నేరవిచారణ కొత్త ఎల్లను అనుసరించవలసి వచ్చింది. అందుకే పిఠాపురంలో మొదలైన వ్యవహారంలో అప్పీలు మద్రాసు హైకోర్టుకు వెళ్ళలేదు, ఆనాడు ఒరిస్సాకు కూడా పై కోర్టుగా ఉన్న పాట్నా హైకోర్టుకు వెళ్ళింది. ఉద్దేశాన్ని రుజువు చేసే కాగితాలు ఒక రాష్ట్రంలో దొరికాయి. హత్య జరిగిందని ఆరోపించిన ఇల్లు మరో రాష్ట్రంలో ఉన్నది. శవం దొరికింది అక్కడినుంచి ఇంకా ముందుకు వెళ్ళిన తరువాత.

ఇక వాంగ్మూలం. అరెస్టుకు ముందు దర్యాప్తు అధికారి నారాయణస్వామిని ప్రశ్నించాడు. తీర్పులో దాని సారాంశం ఒక్క వాక్యానికి మించదు. నూకరాజు మార్చి 21 సాయంత్రం తన ఇంటికి వచ్చాడు, ఆ రాత్రి ఇంటి ఆవరణలోని ఒక గదిలో పడుకున్నాడు, 22 సాయంత్రం పాసింజరు రైల్లో వెళ్ళిపోయాడు.

వచ్చాడు, పడుకున్నాడు, వెళ్ళాడు. మూడు క్రియలు. వీటిలో మొదటి రెండూ ప్రాసిక్యూషనుకు కావాలి. మృతుడు పిఠాపురం వదిలినట్టు అతడి భార్య చెప్పగలదు గాని నారాయణస్వామి గడప తొక్కినట్టు చెప్పలేదు. ఆ లోటును నిందితుడి మాటే తీరుస్తున్నది. మూడో క్రియ నిందితుడికి కావాలి. ‘వెళ్ళాడు’ అన్నది నిజమైతే అతడిపై కేసే లేదు. ఒకే నోటినుంచి ఒకే సమయంలో వచ్చిన వాక్యంలో సగం ఒక పక్షానికీ, సగం రెండో పక్షానికీ ఆయుధమైంది. మొదటి సగాన్ని నిజమనీ రెండో సగాన్ని అబద్ధమనీ విడదీయడానికి వాక్యంలో ఏ ఆధారమూ లేదు. బయటి ఆధారం ఉండాలి.

ఆ బయటి ఆధారం ఏ రూపంలో ఉండవచ్చో ఊహించడం కష్టం కాదు. పిఠాపురం తిరిగి వెళ్ళేవాడు ఎక్కే బండి దక్షిణానికి వెళ్ళేది. శవం దొరికిన పూరీ బరంపురానికి ఈశాన్య దిశలో ఉన్నది. తీర్పు ఇచ్చిన సారాంశంలో ‘పాసింజరు రైలు’ అన్న మాటే గాని అది ఏ వైపు వెళ్ళే బండో లేదు. ఎక్కడికి వెళుతున్నానని నూకరాజు చెప్పాడో లేదు. బాకీ సొమ్ము చేతికి అందిందా అన్నదీ లేదు. దానికోసమే వచ్చిన మనిషి గురించి చెప్పేటప్పుడు ఇది చిన్న సంగతి కాదు. 22 సాయంత్రం నుంచి 23 మధ్యాహ్నం వరకు ఉన్న వ్యవధి ఒక పగలు కూడా పూర్తిగా కాదు. వాదన మొత్తం ఆ వ్యవధిలోనే నిలవాలి లేదా కూలాలి. నేటి పాఠకుడికి ఇక్కడే అనుమానం కలుగుతుంది. ఈ ప్రశ్నలను అధికారి అడగలేదా, అడిగి రాయలేదా, రాసినది తీర్పులోకి రాలేదా? ఈ మూడింటిలో ఒక్కొక్కదానికి ఒక్కొక్క బాధ్యుడు. వాటిని ఒకే ‘లోపం’గా కలిపి చెప్పడం చరిత్ర రచనలో తరచు కనిపించే పొరపాటు.

1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 162వ సెక్షన్‌లోని రెండు చిన్న మాటలను ఇక్కడ నిదానంగా చదవాలి. పోలీసు అధికారికి దర్యాప్తులో చెప్పిన మాటను ‘రాతలో పెట్టినట్లయితే’ దానిమీద చెప్పినవాడి సంతకం తీసుకోరాదు అన్నది చట్టం. రాసి తీరాలని అనలేదు. అంటే అధికారి చెవిన పడిన మాట కాగితం మీదికి రాకపోవడం ఆనాటి చట్టం దృష్టిలో నేరమూ కాదు, నిర్లక్ష్యమూ కాదు. సంతకం లేకపోవడం కూడా లోపం కాదు, చట్టం కోరినదే అది. రెండో మాట ‘ఏ భాగమైనా’ అన్నది. ఆ వాంగ్మూలాన్ని గాని, దాని రాతప్రతిని గాని, అందులో ఏ భాగాన్నైనా గాని విచారణలో వాడరాదు. ప్రాసిక్యూషను పిలిచిన సాక్షి మాట మార్చినప్పుడు అతడిని ఖండించడానికి ముద్దాయికి ఇచ్చిన వెసులుబాటు దీనికి ఒక మినహాయింపు. వాక్యాన్ని సగానికి విరిచి ‘వచ్చాడు’ను ఉంచుకొని ‘వెళ్ళాడు’ను పారవేసే మార్గం ఇక్కడ మూసుకుపోతుంది.

దర్యాప్తు అధికారి రోజువారీ డైరీ సంగతి వేరు. 172వ సెక్షన్ ప్రకారం అతడు దానిని రాయవలసిందే. సమాచారం అందిన వేళ, దర్యాప్తు మొదలుపెట్టి ముగించిన వేళలు, వెళ్ళిన చోట్లు, తెలిసిన పరిస్థితులు అందులో ఉండాలి. బరంపురం స్టేషనులో ఎవరినైనా విచారించారా అన్న ప్రశ్నకు జవాబు ఉండవలసిన చోటు అదే. కాని దానిని తెప్పించి చూసే హక్కు ముద్దాయికి లేదు. కోర్టు చూడవచ్చు గాని సాక్ష్యంగా కాదు, తన అవగాహనకు సహాయంగా మాత్రమే. కాబట్టి అలిబీని పరీక్షించిన జాడలు రికార్డులో ఉన్నా, ఆ రికార్డు తీర్పుల ద్వారా బయటికి వచ్చే అవకాశం తక్కువ. ఖాళీ ఉన్నది దర్యాప్తులోనా, దర్యాప్తునుంచి తీర్పుకు వచ్చే దారిలోనా అన్నది తేల్చకుండా పోలీసులను తప్పుపట్టడం గాని సమర్థించడం గాని తగదు.

పోలీసు చెవిన పడిన మాటమీద చట్టానికి ఇంత అపనమ్మకం ఎందుకు కలిగింది? దాని మూలాలలో ఒకటి ఈ తీరంలోనే ఉన్నది. నెల్లూరు మొదలు గంజాం వరకు తీరాంధ్రం అంతా భాగమైన మద్రాసు రాజధానిలో పన్నుల వసూలుకూ నేరాల ఒప్పుదలకూ జరిగిన హింసపై నియమించిన కమిషన్ 1855లో నివేదిక ఇచ్చింది. 1861 నాటి నేరవిచారణ స్మృతిలో పోలీసుకు చేసిన నేరాంగీకారంపై నిషేధం వచ్చింది. 1872లో అది సాక్ష్య చట్టం 25, 26 సెక్షన్లుగా స్థిరపడింది. 162వ సెక్షన్ ఆ క్రమంలోదే. రికార్డులో నేటి పరిశోధకుడికి విసుగు పుట్టించే మౌనం, ఒకప్పుడు నోళ్ళు బలవంతంగా తెరిపించిన చరిత్రకు ప్రతిగా చట్టం కట్టిన గోడ.

అయితే ఈ గోడ సాక్షులకే వర్తిస్తుందా, తరువాత ముద్దాయి అయినవాడికి కూడానా అన్న విషయంలో హైకోర్టుల మధ్య భేదాభిప్రాయం ఉండేది. ఈ కేసు విచారణలో నారాయణస్వామి వాంగ్మూలం సాక్ష్యంగా స్వీకరించబడింది. మరణశిక్ష పడింది. పాట్నా హైకోర్టు దానిని ఖాయం చేసింది. ప్రీవీ కౌన్సిల్ తరఫున తీర్పు చెప్పిన లార్డ్ ఆట్కిన్ ‘ఏ వ్యక్తి అయినా’ అన్న మాటకు సహజార్థమే చెప్పాడు. తరువాత ముద్దాయి అయినవాడు కూడా ‘వ్యక్తి’యే. కాబట్టి ఆ వాంగ్మూలం పనికిరాదు. అది నేరాంగీకారమా అన్న ప్రశ్నకు కూడా ఆయన స్పష్టమైన సమాధానమిచ్చాడు. నేరాన్ని గాని, నేరానికి సంబంధించిన వాస్తవాలను దాదాపు అన్నింటినీ గాని ఒప్పుకున్నప్పుడే అది నేరాంగీకారం. ఎంత ఇరకాటంలో పెట్టే సంగతి అయినా ఒక్క సంగతిని ఒప్పుకోవడం నేరాంగీకారం కాదు. మృతుడు తన ఇంట్లో పడుకున్నాడనడం ఈ రెండో రకానిది.

ఇక్కడ కేసు ఒక విచిత్రమైన మలుపు తిరిగింది. వాంగ్మూలాన్ని తొలగించాలన్న నిందితుడి వాదన గెలిచింది, అప్పీలు ఓడిపోయింది. భర్త తనతో చెప్పాడని నూకరాజు భార్య చెప్పిన మాటలను మరణానికి దారితీసిన వ్యవహారపు పరిస్థితులకు సంబంధించినవిగా 32వ సెక్షన్ కింద స్వీకరించవచ్చునన్నారు. బాకీ కాగితాలు, ట్రంకు కొనుగోలుకు సంబంధించిన సాక్ష్యం, దానిని స్టేషనుకు చేర్చడం గురించి జట్కావాడి సాక్ష్యం ఉండగా, వాంగ్మూలం లేకపోయినా శిక్షకు తగిన ఆధారం ఉన్నదని నిర్ణయించారు. ఫలితంగా ‘వచ్చాడు’ అన్న భాగాన్ని ఇతర సాక్ష్యం భర్తీ చేసింది. ‘వెళ్ళాడు’ అన్న భాగాన్ని ఎవరూ భర్తీ చేయలేదు, ఖండించనూ లేదు. అది విచారణ పరిధినుంచే తప్పుకొన్నది. నిందితుడిని రక్షించడానికి పుట్టిన నియమం అతడి వివరణను కూడా తీర్పునుంచి తొలగించింది. ఇందులో అన్యాయం జరిగిందనడానికి వీలులేదు. ఆ వివరణ నిజమనుకుంటే విచారణలో తన నోటితో చెప్పుకొని, సాక్షులను పిలిపించే దారి అతడికి ఉన్నది. కాని చరిత్రకారుడు గమనించవలసింది, ఈ తీర్పును ఆధారం చేసుకొని నూకరాజు 22 సాయంత్రం రైలెక్కలేదని కోర్టు తేల్చినట్టు రాయరాదు. శిక్ష ఖాయమైనంత మాత్రాన ప్రతి వాక్యమూ పరీక్షకు నిలిచినట్టు కాదు, ఓడిపోయినట్టూ కాదు.

సాక్ష్యం భాషకు సంబంధించిన ఒక అంశాన్ని తెలుగు పరిశోధకులు మాత్రమే లేవనెత్తగలరు. నూకరాజు భార్య సాక్ష్యంలో మాట మూడు చేతులు మారింది. సంతకం లేని ఉత్తరం ఒకటి, దానిని రాసింది ఫలానా ఆమె అన్న భర్త మాట రెండు, ఆ మాటను కోర్టులో చెప్పిన భార్య మూడు. తీర్పు భాషలో ఇవన్నీ ‘అని చెప్పాడు’ అన్న ఒకే అచ్చులో పడ్డాయి. తెలుగులో ఇటువంటి పొరలను విడదీసే సాధనం ఉన్నది. ‘డబ్బిస్తాం రమ్మని రాసింది’ అనడం వేరు, ‘డబ్బిస్తాం రమ్మని రాసిందట’ అనడం వేరు. మొదటిది ఉత్తరం చదివినవారి మాట, రెండోది విన్నవారి మాట. సాక్షి ‘అట’ వాడిందో లేదో ఇంగ్లీషు తీర్పునుంచి తెలుసుకోలేము. ఉత్తరాన్ని భర్త ‘చూపించాడు’ అన్నప్పుడు ఆమె దానిని చదివిందా, చదివి వినిపించుకున్నదా, మడిచి ఉన్న కాగితాన్ని మాత్రమే చూసిందా అన్న తేడా ఆ ఒక్క ప్రత్యయంలో బయటపడి ఉండేది. వాంగ్మూలం విషయమూ అంతే. ‘రైల్లో వెళ్ళిపోయాడు’ అన్నది స్టేషనుదాకా వెళ్ళి సాగనంపినవాడు అనగలడు, ఇంటి గుమ్మంలో వీడ్కోలు చెప్పినవాడూ అనగలడు. ‘రైలుకు వెళ్ళాడు’ అని ఉంటే రెండో అర్థమే. అనువాదంలో ఈ తేడా నిలవదు. కోర్టు రికార్డుల చరిత్రను ఇంగ్లీషు పాఠం ఆధారంగా మాత్రమే రాసేవారు ఈ నష్టాన్ని లెక్కలోకి తీసుకోక తప్పదు.

చెప్పని మాటకు ఎంత విలువ ఇవ్వాలన్న ప్రశ్నకు భారత న్యాయవ్యవస్థ ఇరవై ఏళ్ళ తరువాత సమాధానం వెదికింది. 1959లో తహసీల్దార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పు రాసినవారు రాజమహేంద్రవరానికి చెందిన జస్టిస్ కోకా సుబ్బారావు. హంతకులను గ్యాసు లాంతరు వెలుగులో గుర్తించామని కోర్టులో చెప్పిన సాక్షి, పోలీసులకు ఇచ్చిన వాంగ్మూలంలో లాంతరు ఊసెత్తలేదు. ఈ విడుపును వైరుధ్యంగా లెక్కించవచ్చునా? ప్రతి విడుపూ వైరుధ్యం కాదనీ, రాసిన మాటలోనే దాని నిరాకరణ ఇమిడి ఉన్నప్పుడే వైరుధ్యమనీ మెజారిటీ తీర్పు చెప్పింది. పొడిచినవాడు ఉత్తరపు సందులోకి పరుగెత్తాడని పోలీసులకు చెప్పి, దక్షిణపు సందులోకి పరుగెత్తాడని కోర్టులో చెబితే రెండూ కలిసి నిలవవు. సందు మాటే ఎత్తకపోవడం వేరు. 1973 నాటి కోడ్ 162వ సెక్షన్‌కు చేర్చిన వివరణ, ముఖ్యమైన విడుపు సందర్భాన్నిబట్టి వైరుధ్యం కావచ్చునని ఈ విషయాన్ని కొంత విస్తరించింది.

సాక్షులను ఖండించే నియమంగా పుట్టిన ఈ కొలతను చరిత్ర రచనకు యథాతథంగా తెచ్చుకోలేము. అయినా నారాయణస్వామి వాంగ్మూలంలోని మూడు మౌనాలను దానితో కొలిచి చూస్తే వాటి బరువులు ఒకటి కావని తెలుస్తుంది. బండి ఏ వైపు వెళ్ళేదో చెప్పకపోవడం దాదాపు బరువులేని విడుపు. పిఠాపురంనుంచి వచ్చినవాడు వెళ్ళాడంటే ఊరికే వెళ్ళాడని వినేవాడికి అర్థమవుతుంది, అధికారి అడగకపోయినా ఆశ్చర్యం లేదు. సాగనంపింది ఎవరో లేకపోవడం కొంత బరువైనది, కాని ఆ ప్రశ్న వేయవలసినది అధికారి. బాకీ సంగతి లేకపోవడం వేరు. డబ్బుకోసం 250 మైళ్ళు ప్రయాణం చేసి వచ్చిన మనిషి ఒక రాత్రీ ఒక పగలూ ఉండి వెళ్ళాడని చెబుతూ డబ్బు ప్రస్తావన లేకపోతే, ఆ మౌనం చెప్పినవాడిదా, రాసినవాడిదా, సారాంశం తీసినవాడిదా అన్నదే ఈ కేసులో అసలు ప్రశ్న. చెప్పినవాడిదైతే అతడికి ప్రతికూలమైన సూచన. రాసినవాడిదైతే దర్యాప్తుకు మచ్చ. సారాంశం తీసినవారిదైతే అందులో ఏ సూచనా లేదు. వాంగ్మూలంలో తమకు అవసరమైన మాటలను వారు మాత్రం తీసుకున్నారు.

2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో సోదాలనూ జప్తులనూ ఆడియో వీడియో సాధనాలతో నమోదు చేయడం 105వ సెక్షన్ ప్రకారం తప్పనిసరి. 180వ సెక్షన్ కింద పోలీసులకు ఇచ్చే వాంగ్మూలం విషయంలో మాత్రం అలా నమోదు చేయవచ్చు అన్నంతవరకే ఉన్నది. పాత 162వ సెక్షన్ 181గా కొనసాగుతున్నది. ఇంట్లో దొరికిన ట్రంకును తెరవడం ఇకమీదట కెమెరాలో ఉండి తీరుతుంది. ఆ ఇంటి యజమాని ‘అతడు నిన్న సాయంత్రం బండికి వెళ్ళాడు’ అని అన్నప్పటి గొంతు, అన్న తీరు, ఆ తరువాత అధికారి వేసిన ప్రశ్న, వేయని ప్రశ్న రికార్డులోకి రావడం ఇప్పటికీ రాసేవాడి ఇష్టంమీదనే ఆధారపడి ఉన్నది.